వాకిట్లో దిద్దిన అ

ఈ ఉదయం మా మూడేళ్ల మనవరాలు వాకిట్లో ముగ్గుపిండితో "అ" దిద్దింది. ఆ తడి పిండి వాసనకు నా చిన్నప్పటి మద్రాసు, మా పెరంబూరు రైల్వే క్వార్టర్స్ గుర్తొచ్చాయి.

మీ ఇళ్లలోనూ అనేవారు కదా, అక్షరాభ్యాసం కాకుండా పిల్ల పలక ముట్టకూడదని? నేను పలక కోసం ఏడిస్తే మా నాయనమ్మా అదే అనేది.

"ఇది పలక కాదత్తా, వాకిలి" అంటూ అమ్మ ముగ్గుపిండితో "అ" వేసి, నా వేలు పట్టి దిద్దించింది.

అక్షరానికి ముహూర్తమేమిటండీ? అంత ముహూర్తాలు చూసే లోకం నాయనమ్మను బడికి పంపడానికి ఒక్కటీ చూడలేదు.

వారం తిరక్కముందే ఆ నాయనమ్మే నా పక్కన చతికిలబడి, "యాడ మొదలుపెట్టాల పాపా?" అంది.

ఆమె వేలు పట్టి దిద్దించింది నేనే.