బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిన ఎనిమిది నెలలు

కుంగినవాని పక్కన కూర్చునే నా దేవునికి స్తోత్రం. నేను ఆయనను చూడలేని రోజుల్లోనూ ఆయన నన్ను చూశాడు.

కోదాడలోని మా సంఘంలో నేను సండే స్కూల్ టీచర్ని. డిప్రెషన్ మొదలయ్యాక నిద్ర దూరమైంది, ప్రార్థనకు మాటలు రాలేదు. 'నీలో ఏదో పాపం ఉంది, అందుకే దేవుడు విడిచిపెట్టాడు, సంఘమంతా పసిగట్టింది' అని తలలో ఒకటే మాట. అది దేవుని స్వరమే అనుకున్నాను. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం, రొట్టె పళ్లెం కదలగానే, పాపంతో తినకూడదని లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ణి. అలా ఎనిమిది నెలలు.

సూర్యాపేటలో కాగ్నిటివ్ థెరపీ చేసే మేడమ్ ఆ మాటను నాచేత కాగితం మీద రాయించింది.

"సంఘం పసిగట్టిందని మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు."

"అయితే మీరెందుకు లేచి బయటికి పోతున్నరనుకున్నరో ముగ్గుర్ని అడగండి సార్. వాళ్లేమన్నరో అట్లనే రాసుకొని రాండ్రి."

అడిగాను. గిన్నె అందించే సంఘ పెద్ద నవ్వాడు. "నీకు షుగరేమో అనుకున్న బిడ్డా! ద్రాక్షరసం తీపి గదా. నాకు సుత షుగరే, జర నాలికకు తాకిస్త, అంతే."

పాస్టరమ్మ అయితే, "బయట పిల్లలు అల్లరి చేస్తుంటే చూస్కోను పోతున్నవనుకున్న. అయ్యగారితో మెచ్చుకున్న కూడా" అంది.

మరి ఇన్ని నెలలు నేను లోబడింది ఎవరి తీర్పుకు?

మూడో మనిషి నా భార్య. వంటింట్లో పిండి కలుపుతోంది. "తగననుకొని లేస్తున్నవని నాకు తెల్సు" అంది తలెత్తకుండా. "నేను సుత రొట్టె తీస్కుంటలేను."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు లేచి బయటికి పోవుడు మొదలైన రెండో నెల నుంచి. నిన్ను బయట నిలబెట్టి నేనెట్ల తింట?"

అందరూ నన్నే చూస్తున్నారని కుమిలిపోయిన నేను, ఒకే ఇంట్లో ఉన్న మనిషిని ఒక్కసారీ చూడలేదు. ఆమె మాటలు కూడా అన్నవి అన్నట్టే కాగితం మీద రాసుకున్నాను.

తర్వాతి బల్ల ఆదివారం తలలో మాట మళ్లీ వచ్చింది: లే, పో. కాళ్లు లేవబోయాయి. 'ఇది నా తల చెప్పేది, ఆయన చెప్పేది కాదు' అనుకుని కూర్చున్నాను. రొట్టె నోట్లో పెట్టుకుని స్త్రీల వరుస వైపు చూశాను. నా భార్య నన్నే చూస్తోంది. అప్పుడు గానీ ఆమె చెయ్యి పళ్లెం వైపు వెళ్లలేదు.

ఇప్పటికీ సూర్యాపేట వెళ్తున్నాను. కొన్ని ఉదయాలు బరువుగానే తెల్లవారుతాయి. చదువుతున్న మీరు ఒక్క క్షణం ఆగి నాతో కలిసి ప్రార్థించండి: తండ్రీ, తమకు తామే శిక్ష వేసుకున్నవారి దగ్గరికి నిజం చెప్పే మనుషులను పంపు. ఆమేన్.