అకారాదిలో మొదటి వాక్యం

ఫారాలమ్మ ఎవరినైనా క్షమించిందని ఆ ఇంట్లో గాని, ఆ ఆఫీసులో గాని ఎవరూ ఎన్నడూ వినలేదు. మూడో తరగతిలో తన రబ్బరు కొరికి తిరిగిచ్చిన పిల్లతో ఏడో తరగతి దాకా మాట్లాడలేదు. అప్పుడు ఆ పిల్ల బడి మారిపోయి, తన మౌనాన్ని ఎందుకూ కొరగాకుండా చేసిందని ఇప్పటికీ గొణుక్కుంటుంది. పెళ్ళైన కొత్తలో ఆడపడుచు ఆవిడ నడకను వెక్కిరించింది. తొమ్మిదేళ్ళకు ఆ ఆడపడుచే కాలు బెణికి కుంటుకుంటూ వస్తే, వీధి గుమ్మం దాకా ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, "అయ్యో వదినా, నీ నడకకేమైందీ!" అని అందరి ముందూ అడిగింది. కట్టుడు పళ్ళు తయారుచేసే ఆవిడ మొగుడు ఆ రోజు నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తాడు.

ఇవన్నీ చిల్లర పగలు. అసలు పగ ఒక్కటే ఉంది. దాని వయసు పదకొండేళ్ళు.

అప్పట్లో ఆవిడ పరిశోధన చేస్తుండేది. దర్జీ కూతురు. కొలతలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. గట్టు తెగితే వరద నీరు ఏ వీధిలోకి ఎన్ని నిమిషాల్లో వస్తుందో ముందే లెక్క కట్టి చెప్పాలని పట్టుదల పట్టింది. తన బల్ల మీది కంప్యూటర్ ఒక్క వీధి లెక్క తేల్చడానికి పదిహేను రోజులు తీసుకునేది. అది తేల్చేలోపు ఆ వీధి వాళ్ళు మునిగి తేలి, గోడలకు సున్నం కూడా కొట్టుకుంటారు. అందుకని విశ్వవిద్యాలయం వారి పెద్ద యంత్రం మీద కొన్ని వేల గంటలు ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. పెద్ద యంత్రమంటే ఒక హాలు నిండా కంప్యూటర్లు, అన్నీ కలిసి ఒకే లెక్క చేస్తాయి. అది అందరిదీ. ఎవరికి ఎన్ని గంటలో ఒక కమిటీ పంచుతుంది. కమిటీకి అధ్యక్షుడు ఒక ప్రొఫెసరు. అందరి గంటలూ కోసేస్తాడని ఆయన్ని చాటున కత్తెర అనేవాళ్ళు.

నెల తర్వాత జవాబు వచ్చింది. ఒకే ఒక వాక్యం. "అంత పెద్ద యంత్రం కావలసినంత ఆలోచన మీ దగ్గర లేదు." కింద కత్తెర సంతకం.

ఫలానా కాగితం లేదని గాని, ఫలానా లెక్క తప్పని గాని చెప్పి ఉంటే సరిదిద్దుకునేది. ఆలోచనే లేదంటే మనిషి ఏం సరిదిద్దుకుంటుంది చెప్పండి? రోజూ పొద్దున్నే బల్ల ముందు కూర్చోవడం, ఆ వాక్యం గుర్తుకు రావడం, లేచిపోవడం. నాలుగు నెలల్లో పరిశోధన మానేసింది. ఆ తర్వాత ఏం చేసిందనుకున్నారు? ఆ పెద్ద యంత్రం నడిపే కేంద్రంలోనే గుమాస్తా పనికి చేరింది. "వేరే ఉద్యోగాలే లేనట్టు అక్కడెందుకూ?" అన్నాడు మొగుడు. "ఆయన రోజూ వచ్చే చోటది. నా కళ్ళ ముందుండాలి," అంది.

కత్తెర రోజూ వచ్చేవాడు. ఆవిడ ముందు నుంచే పోయేవాడు. ఒక్కసారి కూడా గుర్తుపట్టలేదు. కమిటీకి తనే అధ్యక్షుడు, ఏటేటా అందరికన్నా ఎక్కువ గంటలు అడిగేదీ తనే. తన అర్జీ వంతు వచ్చినప్పుడు మర్యాదకు అయిదు నిమిషాలు గది బయట నిలబడేవాడు. లోపల స్నేహితులు సరే అనేవాళ్ళు. మళ్ళీ లోపలికి వచ్చి మిగతావాళ్ళవి కోసేవాడు. అంత చేసీ తీసుకున్న గంటల్లో వందకు నాలుగు కూడా వాడేవాడు కాదు. ఇది ఫారాలమ్మకు తెలుసు, యంత్రం రాసుకునే చిట్టా ఆవిడ చేతిలోనే ఉంది. పళ్ళు నూరుకుంటూ అర్జీలు సర్దేది. ఆ సర్దుడుకే ఆవిడకు ఫారాలమ్మ అని పేరు పడింది.

ఈ ఏడు అర్జీలు ఈమెయిళ్ళలో వచ్చే గందరగోళం తీసేసి, వాటికోసమే ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. వచ్చినప్పుడు అది ఖాళీ ఇల్లులాంటిది. ఏ గది ఎక్కడుండాలో, ఏ తలుపుకు గడియ పెట్టాలో మనమే చెప్పాలి. ఫారంలో ఏమేం అడగాలి, అర్జీ ముందు ఎవరి దగ్గరికి పోవాలి, కాదంటే పోయే ఉత్తరంలో ఏం రాయాలి, అన్నీ. ఆ పని ఎవరికిచ్చారంటారు? కేంద్రం డైరెక్టరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇంకెవరు, ఫారాలమ్మగారే," అన్నాడు.

ఆవిడ ఆ సాయంత్రం పాటలు పాడుకుంటూ ఇంటికెళ్ళింది. మొగుడు హడలిపోయాడు.

ఆరు వారాలు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. పోయిన ఏడాది వాడిన గంటలు ఎన్ని అనే గడిని అర్జీదారు నింపకూడదు, యంత్రమే నింపాలని పెట్టింది. అధ్యక్షుడి అర్జీ స్నేహితులకు కాకుండా బయటివాళ్ళకు పోవాలని పెట్టింది. ఇక్కడిదాకా న్యాయమే, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ తర్వాత ఒక నిబంధన రాసింది. ఇచ్చిన గంటల్లో పదోవంతు కూడా వాడనివాళ్ళు మళ్ళీ అన్ని గంటలూ అడిగితే, ఆ అర్జీ ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు, దానంతటదే తిరిగిపోవాలి. అలాంటివాడు ఆ కేంద్రం మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఉత్తరంలో పోవలసిన కారణం దగ్గర, పదకొండేళ్ళుగా కడుపులో దాచుకున్న వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేసింది.

సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఏ కారణమైనా ముందు కారణాల జాబితాలో ఉండాలంది. సరేనని జాబితాలో చేర్చింది. అప్పటికి అందులో అయిదున్నాయి. అన్నింటికన్నా మెత్తనిది, "మళ్ళీ వివరంగా రాసి పంపండి" అనేదాన్ని తనే అన్నింటికన్నా పైన పెట్టుకుంది. పరిశీలించేవాళ్ళు బద్ధకించి ఏదీ ఎంచకపోతే పైనున్నదే ఉత్తరంలోకి పోతుంది గనక. ఎంత ముందుచూపో చూడండి! అంత ముందుచూపున్న మనిషి, చివరి రోజున అన్ని జాబితాలూ చూడ ముచ్చటగా ఉండాలని, "అకారాది క్రమంలో చూపు" అనే గడిలో టిక్కు పెట్టింది.

"అంత" అన్న మాట ఏ అక్షరంతో మొదలవుతుందో ఒకటో తరగతి పిల్లాడు చెప్తాడు. ఆవిడకు మాత్రం తట్టలేదు. కళ్ళ నిండా కత్తెరే ఉన్నాడు మరి.

డైరెక్టరు చూడకుండానే సంతకం పెట్టాడు. "మీరు చేశారంటే ఇక చూసేదేముందండీ!" అన్నాడు.

ఉత్తరాలు పోవలసిన రోజు పొద్దున మొగుడు పళ్ళ అచ్చు అరగదీస్తూ అడిగాడు. "ఆయనకి నువ్వెవరో కూడా తెలీదు. కరిచిందెవరో తెలియని కాటు నొప్పెడుతుందంటావా?"

"నొప్పెట్టాలి ముందు. తెలియడం సంగతి తర్వాత," అంది చెప్పులేసుకుంటూ.

పదకొండు గంటలకు ఉత్తరాలు వెళ్ళాయి. పదకొండుంబావుకు కత్తెర వరండాలో కనిపించాడు. చేతిలో కాగితం. వస్తున్నాడు! ఫారాలమ్మ నిటారుగా కూర్చుంది. ఆయన మొహం మాడిపోయి ఉంటుందని, చేతులు వణుకుతుంటాయని ఎన్నిసార్లు ఊహించుకుందో.

ఆయన నవ్వుతున్నాడు.

"ఏమ్మా, ఈ ఉత్తరాలు పంపేది మీరేనా? చూశారా నాకేం రాశారో! 'అంత పెద్ద యంత్రం కావలసినంత ఆలోచన మీ దగ్గర లేదు.' అబ్బ, ఎవడు రాశాడో గాని చాకులాంటి వాక్యం. నేనే రాసినట్టుంది."

"మీరే రాశారు సార్."

"నేనా?"

"పదకొండేళ్ళ క్రితం. వరద నీటి మీద పనిచేసే ఒకావిడకి."

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "వరద... ఏమో, గుర్తు లేదమ్మా. ఎన్ని వందలు రాసుంటాను! ఏం చేసింది ఆవిడ తర్వాత?"

"మానేసింది."

"మానేసిందా? మరింకేం, నేను సరిగ్గానే అన్నానన్నమాట." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోన్లెండి, గంటలు సగానికి తగ్గించి మళ్ళీ పెడతాను. అది ఎక్కడ నొక్కాలో కాస్త చూపిస్తారా?"

చూపించింది. ఏం చేస్తుంది? ఆయన థాంక్సమ్మా అని వెళ్ళిపోయాక, మంచినీళ్ళ సీసా మొత్తం ఒక్క గుక్కలో తాగేసింది. ఒళ్ళంతా మంటలు. ఈసారి ఇంకా గట్టిగా కొట్టాలి, ఎక్కడ కొడితే ఈ మనిషికి తగులుతుంది, అని మధ్యాహ్నమంతా అదే ఆలోచన. ఆయన గంటలు సగానికి తగ్గాయి గదా అని ఎవరైనా అనొచ్చు. ఆవిడ కోరింది గంటలు కాదండీ. ఆ వాక్యం ఒక్కసారి ఆయన లోపలికి దిగాలని కోరింది.

మర్నాడు మూడింటికి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. రెండు బస్సులు మారి వచ్చినట్టు జుట్టంతా దుమ్ము. ఎక్కడో చిన్న కాలేజీ. చెవి లోపలి బుల్లి ఎముకలు శబ్దానికి ఎలా కదులుతాయో లెక్కలు కట్టే అమ్మాయి. ప్లాస్టిక్ ఫైలులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మళ్ళీ చూడమని రాలేదు మేడమ్. మానేస్తున్నాను, మా గైడుకి కూడా చెప్పేశాను. దీన్ని రాసిందెవరో పేరు చెప్పండి, చాలు."

ఫారాలమ్మ కాగితం చూసింది. చూసిన వాక్యమే. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్నదే. పైన పేరు మాత్రం ఈ అమ్మాయిది.

"ఇది నీకెలా వచ్చింది?" అంది. గబగబా స్క్రీన్ మీద ఆ అర్జీ తెరిచింది. పరిశీలించిన పెద్దాయన తన గమనికలో రాసింది అక్కడే ఉంది. చాలా మంచి పని, ఒక్క కాగితం జతచేయలేదు, వచ్చే విడతలో తప్పకుండా ఇవ్వాలి. ఆయన కారణాల జాబితాను ముట్టుకోలేదు. పైనున్నది పైనున్నట్టే పోయింది. ఫారాలమ్మ వెంటనే మిగతావి తెరిచింది. ఇది కూడా అంతే. ఇంకోటి, ఇంకోటి, ఇంకోటి. మొత్తం నలభై మూడు ఉత్తరాలు.

"ఇలా చూడమ్మా," అంటూ స్క్రీన్ తిప్పింది. "ఆయన నిన్ను మెచ్చుకున్నాడు. చదువు, ఇదిగో ఇక్కడ. మానెయ్యకు. ఆ ఒక్క కాగితం నేనే పెట్టిస్తాను, ఇవాళే పెట్టిస్తాను."

ఆ అమ్మాయి చదివింది. రెండుసార్లు చదివింది. మొహంలో ఏ మార్పూ రాలేదు.

"అయితే ఈ మాట ఆయన రాయలేదు."

"లేదు. అది జాబితాలో ఉంది. పొరపాటున..."

"జాబితాలో ఎవరు పెట్టారు?"

ఫారాలమ్మకు కత్తెర పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం కూడా కాదు. "ఆ మాట మొదట రాసింది ఒక ప్రొఫెసరు," అంది. "పదకొండేళ్ళ క్రితం నాకు రాశాడు. నేను కూడా నీలాగే మానేశాను. ఆయనకది తిప్పికొడదామని నేనే అందులో పెట్టాను. నిన్ను ఉద్దేశించి కాదమ్మా, ఒట్టు."

"ఆయన మీకు రాశాడు. నాకు రాసింది మీరు."

ఫారాలమ్మ స్క్రీన్‌ను మళ్ళీ తన వైపు తిప్పుకుంది.

"తగిలిందా ఆయనకి?" అని అడిగింది ఆ అమ్మాయి.

"లేదు."

ఆ అమ్మాయి తల ఊపింది. తన ఉత్తరాన్ని బల్ల మీద బోర్లా తిప్పింది. సంచిలోంచి పెన్ను తీసి మూత పీకింది. ఫారాలమ్మ మెడలో వేలాడుతున్న కార్డు వైపు వంగి, దాని మీది పేరును ఒక్కొక్క అక్షరమే రాసుకుంటూ వచ్చి, చివరి అక్షరం దగ్గర ఆగింది.

"ఇక్కడ అరిగిపోయింది మేడమ్. దీర్ఘం ఉందా, లేదా?"

"ఉంది," అంది ఫారాలమ్మ.