పెద్దమ్మ పెట్టిన రాయి

మా పెద్దమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున, దవాఖానలో, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండగానే. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "వయసైంది గదా, ఎన్నొద్దులుంటది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆమెను తీసుకుపోయింది వయసు కాదు, పసుపు దుమ్ము. ఎక్స్‌రే చూసిన డాక్టర్ ఆ మాట ఎప్పుడో చెప్పాడు.

ఆర్మూర్‌లో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే షెడ్డులో ఇద్దరం పక్కపక్కనే పనిచేశాం. డ్రమ్ము తిరిగితే కొమ్ముల మీది పొట్టంతా దుమ్మై లేస్తుంది. అది రోడ్డెక్కితే పక్క దుకాణాలవాళ్లు గొడవకు వస్తారని మేస్త్రి తలుపు మూసేవాడు. లోపల పదిమంది ఆడవాళ్లం కొమ్ములు ఏరుతూ ఊపిరాడక దగ్గేవాళ్లం.

మాకో పిచ్చి అలవాటు ఉండేది. ఎవరైనా ఉక్కిరిబిక్కిరైతే, అన్నం పొలమారినప్పుడు చేసినట్టే నెత్తి మీద తట్టి "ఎవలో యాది చేస్తున్నరే నిన్ను" అనేవాళ్లం. మేస్త్రి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు నాకు దగ్గు ఆగలేదు. నా నెత్తి తట్టబోయిన పక్కామె చేతిని పెద్దమ్మ పట్టుకుంది.

"ఆగుండ్రి! అన్నం బుక్క అడ్డం పడితే నెత్తి తట్టాలె. దుమ్ము అడ్డం పడితే తలుపు తియ్యాలె. పొద్దుగాల సంది మనల యాది చేసుకుంట కూసోనీకి మనోళ్లకు వేరే పని లేదా?"

లేచి తలుపు బార్లా తీసింది. మేస్త్రి ఉరికొచ్చాడు.

"ఓ అవ్వా, దుమ్ము బయటికి పోతది!"

"రోడ్డు మీదోళ్లకు దమ్ము ఆడాలె, మాకు ఆడొద్దా?"

"రేపటి సంది పనికి రాకు."

అయినా తెల్లారి వచ్చింది. గుట్ట కింద దొరికిన నల్లరాయిని కొంగులో మోసుకొచ్చి తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టింది. ఆమెను లోపలికి రానివ్వకపోతే మేమంతా బయటే కూర్చున్నాం. రెండోనాటికి షెడ్డు యజమాని సేటే దిగివచ్చాడు. దుమ్ము రోడ్డెక్కకుండా వాకిట్లో తడి గోనెపట్టా కట్టించాడు. తలుపు మాత్రం మళ్లీ మూతపడలేదు.

పని దిగాక కొంగుముడి విప్పి మాకు తలా ఒక బెల్లం ముక్క పెట్టేది. "బెల్లం మింగుండ్రి, గొంతు సాఫైతది. మాట మాత్రం మింగకుండ్రి" అనేది.

నిన్న పనికి పోయాను. తలుపు మూసి ఉంది. రాయి మూలకు పడి ఉంది. "అవ్వ పోయింది గదా, ఇగ లొల్లి ఎందుకు?" అన్నాడు మేస్త్రి. కూర్చున్నానో లేదో దగ్గు తెర ముంచుకొచ్చింది. కొత్తగా చేరినామె పాపం నా నెత్తి తట్టి "మీ పెద్దమ్మ యాది చేస్తున్నట్టుంది" అంది.

ఏడుపొచ్చింది. దగ్గుతూనే లేచాను. తలుపు తీసి, రాయిని రెండు చేతులా ఎత్తి, పాత చోటే పెట్టాను. ఇన్నేళ్ల దుమ్ముకు ఆ నల్లరాయి పసుపు ముద్దలా ఉంది. నా అరచేతులు రెండూ పచ్చగా అయ్యాయి. మేస్త్రి చూస్తుండగా ఆ చేతులతోనే కొమ్ములు ఏరే చాట అందుకున్నాను.