చేతి మీట లేని పంపు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను అక్కడ కూర్చోను. లారీ తోలేవాళ్ళ దగ్గర అలాంటివి చాలా ఉంటాయి. వంక దగ్గర తెల్లచీర కనబడిందని ఒకడంటాడు. బండెక్కించుకున్న ముసలాయన దిగకుండానే మాయమయ్యాడని ఇంకొకడంటాడు. నేను ఇరవై ఏళ్ళకు పైగా స్టీరింగు పట్టాను. నల్లమల దారిలో ఒంటరిగా బండి ఆపుకుని పడుకున్నాను. నాకు ఏదీ కనబడలేదు. బండి ఆగిందంటే కారణం బండిలోనే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ నాది అదే మాట. అందుకే ఈ సంగతి చెప్పాల్సి వస్తే నాకు చిరాకు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు ఆళ్ళగడ్డలో ఓబులమ్మక్క లారీకి డ్రైవరుగా చేరాను. లారీ ఆమె భర్త తిరుపాలన్నది. ఆయనే కొన్నాడు, ఆయనే తోలాడు, రిపేర్లు కూడా ఆయనే చేసుకునేవాడు. ముందటి ఏడు విషజ్వరం వచ్చి ఇంట్లో మంచం మీదే పోయాడు. బండికి యాక్సిడెంటు కాలేదు. దారిలో ఎవరూ చావలేదు. విన్న ప్రతివాడూ మొదట అదే అడుగుతాడు గనుక ముందే చెబుతున్నాను.

లారీ అమ్మేయమని ఆమె మరిది పట్టుబట్టాడు. ఆడమనిషికి లారీ వ్యాపారమేందని ఊళ్ళో కూడా అన్నారు. ఓబులమ్మక్క వినలేదు. నన్ను పిలిపించి, "మా ఆయన కష్టపడి నిలబెట్టిన బండప్పా ఇది. నేనుండంగా ఈ వాకిలి దాటి పోదు" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆమె తక్కువ మాట్లాడేది. మాట్లాడితే కొట్టినట్టే ఉండేది.

ఆళ్ళగడ్డలో వేరుశనగ బస్తాలు ఎత్తుకుని నంద్యాల నూనె మిల్లులో దించాలి. తిరుగు దారిలో ఏ సరుకు దొరికితే అది. మొదట్లో బండి బాగానే నడిచింది. తర్వాత మొదలైంది నా ఖర్మ.

శిరివెళ్ళ దాటాక ఒకచోట రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. అక్కడ ఒక చిన్న కల్వర్టు, రెండు పక్కలా నల్లరేగడి చేలు. ఆ కల్వర్టు దాటీ దాటగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. పట్టపగలు, నెత్తిన ఎండ, వెనక నిండా లోడు.

డీజిల్ బండి సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. ట్యాంకు కింద ఉంటుంది, ఫిల్టరు పైన ఉంటుంది. డీజిల్ తనంతట తాను పైకి ఎక్కదు. ఇంజను పక్కన గుప్పెట్లో పట్టేంత ఫీడు పంపు ఒకటి బిగించి ఉంటుంది. దాని లోపలి పొర ఇంజను తిరిగే కొద్దీ కిందికీ పైకీ ఆడుతూ, ట్యాంకులోని డీజిల్‌ను లాగి ఫిల్టరుకు తోస్తుంది. ఎక్కడైనా గాలి దూరిందంటే బండి ఆగినట్టే. అప్పుడు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, పంపుకుండే చేతి మీటను టకటక కొట్టాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు వస్తాయి. బుడగల్లేని డీజిల్ వచ్చాక స్క్రూ బిగిస్తే బండి కదులుతుంది.

ఆ కల్వర్టు దగ్గర నేను కొట్టినంతగా ఆ మీటను ఇంకెవరూ కొట్టి ఉండరు. వేళ్ళు కాలేవి, మోచేతి దాకా డీజిల్ కారేది. బండి కదిలాక నంద్యాల దాకా పేచీ పెట్టేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు అదే చోట ఆగేది కాదు. లోడుతో పోయేటప్పుడే ఆగేది.

నంద్యాలలో మాబు అని మంచి మేస్త్రీ ఉండేవాడు, నాకు చిన్ననాటి నేస్తం. ఇద్దరం కలిసి ట్యాంకు దించి కడిగాం. పైపు విప్పి నోటితో ఊది చూశాం. వాషర్లన్నీ మార్చాం. ఎత్తులో డీజిల్ వెనక్కి జరిగి పంపు గాలి పీలుస్తుందేమోనని ట్యాంకు నిండా పట్టించి చూశాం. బండి మళ్ళీ అక్కడే ఆగింది. పంపు విప్పి లోపలి పొర మార్చాం. పాత పొరకు చిన్న చీలిక కనబడితే పండగ చేసుకున్నాను, దొంగ దొరికాడని. మరుసటి లోడుకు మళ్ళీ కల్వర్టు దగ్గర మీట కొడుతూ నిలబడ్డాను. ఆ రోజు స్పానరు తీసి చేలోకి విసిరేసి, మళ్ళీ నేనే పోయి వెతుక్కున్నాను.

మిల్లువాళ్ళు సరుకు వేళకు రాలేదని గొణిగారు. మరిది ఊరుకుంటాడా? డ్రైవరు కావాలనే ఆపుకుని డీజిల్ అమ్ముకుంటున్నాడని ఓబులమ్మక్క చెవిన వేశాడు. ప్రొద్దుటూరు నుంచి లారీ కొనే బేరం ఒకటి కూడా తెచ్చి పెట్టుకున్నాడు. ఆమె నన్ను వాకిట్లో నిలబెట్టి అడిగింది.

"యాడ నిల్చిపోతాందప్పా బండి?"

"శిరివెళ్ళ కాడ, కల్వర్టు దాటంగనే."

"రోజూ ఆడనేనా? ఇంగో చోట నిలబడదా?"

అక్కడేనని ఒప్పుకున్నాను. "ఈసారి పంపే మారుస్తాండాం అక్కా. అప్పుడు గూడా నిలబడితే నన్ను తీసెయ్" అన్నాను.

"సరే. నేనూ వస్తా. కండ్లతో చూస్తే గానీ నమ్మను" అంది.

మాబు కర్నూలు నుంచి కొత్త ఫీడు పంపు తెప్పించాడు. దానికి చేతి మీట లేదు. ఆ రకం అలాగే వస్తుందట. గాలి దూరితే ఫిల్టరు విప్పి డబ్బాతో డీజిల్ పోసుకోవాలి. "కొత్తదానికి గాలి యాడ దూరుతాదిలే" అన్నాడు మాబు. నా చేత్తోనే బోల్టులు బిగించాను. పాత పంపును మాబు షెడ్డులోనే పడేసి వచ్చాను. ముందు జాగ్రత్తకు ఒక డబ్బాలో డీజిల్ పోసి లోడు వెనక కట్టుకున్నాను.

మరుసటి లోడుకు ఓబులమ్మక్క క్యాబిన్లో కూర్చుంది. శిరివెళ్ళ దాటాం. కల్వర్టు వచ్చింది. ఇంజను దగ్గింది, ఆగింది.

నేను స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. కోపం కూడా రాలేదు, ఏడుపు వచ్చింది. ఆమె దిగి, కల్వర్టు గోడ మీద కూర్చుంది. నేను బానెట్టు ఎత్తి, అలవాటుగా స్క్రూ వదులు చేసి, డబ్బా తెద్దామని బండి వెనక్కి పోయాను. తాడు ముడి విప్పుతుంటే ముందు నుంచి చప్పుడు వినిపించింది.

టక్కు టక్కు. కొంచెం ఆగి, మళ్ళీ టక్కు టక్కు.

మీట కొట్టే చప్పుడు. అన్నిసార్లు నా చేత్తో కొట్టినదే, ఎలా మరిచిపోతాను? ఓబులమ్మక్క ఏదో కెలుకుతోందనుకుని, "అక్కా, ముట్టుకోవాక!" అని అరుస్తూ ముందుకు వచ్చాను. ఆమె కల్వర్టు గోడ మీదే ఉంది. అక్కడి నుంచే ఇంజను వైపు కళ్ళు తిప్పకుండా చూస్తోంది. బండి దగ్గర ఎవరూ లేరు. చేలల్లో కూడా మనిషి అలికిడి లేదు.

నేను పంపు ముందు నిలబడి ఉండగానే చప్పుడు వస్తూ ఉంది. పంపు మీద ఏదీ కదలడం లేదు, కదలడానికి మీటే లేదు. కానీ స్క్రూ దగ్గర నురగ పొంగింది. తర్వాత బుడగలు. తర్వాత డీజిల్ సన్నగా ధారకట్టి ఇంజను మీదుగా కారింది. అప్పుడు చప్పుడు ఆగిపోయింది. స్క్రూ బిగించాను.

ఓబులమ్మక్క దగ్గరకు వచ్చింది. "నువ్వు కొట్టినావా?"

"లేదక్కా. దీనికి మీట లేదు, చూడు."

ఆమె వంగి చూసింది. తర్వాత అంది: "మా ఆయన రెండు కొట్టి ఆగేటోడు. బొటనేలు నలిగినప్పటి నుంచీ అంతే. మూడోది కొట్టేదానికి పట్టు చాలేది కాదు."

బండి మొదటి తిప్పుకే అందుకుంది. మిల్లులో బస్తాలు దించుతున్నంతసేపూ ఆమె క్యాబిన్లోంచి దిగలేదు. తిరిగి ఇంటికి వచ్చాక, వాకిట్లో ఉన్న మరిదితో, "ఆ ప్రొద్దుటూరు బేరం కానియ్యప్పా" అంది.

నాకు ఒళ్ళు మండింది. బండి కోసం ఊరందరినీ ఎదిరించిన మనిషి, ఒక చప్పుడుకు భయపడి ఇచ్చేస్తుందా? "అక్కా, గాలి యాడ దూరుతాందో నేను కనిపెడతా. ఇంగొన్ని దినాలు ఆగు. భయపడొద్దు" అన్నాను.

"భయమేందప్పా? ఆయన్ను చూసి నాకు భయమా?" అంది. "బతికినన్నాళ్ళూ ఆ బండి కిందనే పడుకున్యాడు. కూడు గూడా దాని కిందకే పంపించేదాన్ని. బండి పట్టుకోని ఇప్పుడు గూడా ఆయనతో చాకిరీ చేయిస్తాండా, ఇంత చాలదా? ఇంగ నిద్రపోనీ" అంది. లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది.

లారీ పోయింది, నా పనీ పోయింది. మాబుకు అంతా చెప్పాను. వేడెక్కిన ఇంజను చల్లారేటప్పుడు అలాంటి చప్పుళ్ళు చేస్తుందన్నాడు. నేనూ ఒప్పుకున్నాను, చేస్తుంది. మరి కింది డీజిల్ ఫిల్టరు దాకా ఎలా ఎక్కిందంటే, బీడీ ముట్టించుకున్నాడు.

చాలా నెలలకు ఆ లారీ నంద్యాలలో మిల్లు ముందు కనబడింది. ప్రొద్దుటూరు డ్రైవరు మంచివాడు, టీ తాగించాడు. ఆళ్ళగడ్డ మీదుగానే, నిండు లోడుతోనే వస్తాడట. శిరివెళ్ళ దగ్గర నిలబడుతుందా అని అడిగాను. ఒక్కసారి కూడా నిలబడలేదన్నాడు. పంపు మార్చావా అంటే లేదన్నాడు. బానెట్టు ఎత్తించి చూశాను. నేను బిగించిన పంపే, నా బోల్టులే. పైపు కూడా పాతదే. చుట్టూ వేలు పెట్టి తడిమాను.

"ఏం వెతుకుతాండావన్నా?" అన్నాడు అతను.

"గాలి యాడ దూరేదో చూస్తాండా."

"బండి నిలబడందే గాలి యాడిదన్నా?" అని నవ్వి, బానెట్టు మూసేశాడు.

తర్వాత ఎన్నో బండ్లు తోలాను, ఎన్నో పంపులు విప్పాను. ఆ బండిలోకి గాలి ఎటు దూరేదో, అక్క దాన్ని వదిలేసిన నాటి నుంచి ఎందుకు మానేసిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. దయ్యమని మాత్రం నా నోటితో అనలేను. వేరే మాటేదైనా ఉందా అంటే, అదీ నా దగ్గర లేదు.