పళనియమ్మాళ్ కుండలో టేపు

సరసుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ధర్మపురిలోని మా క్షయ ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వస్తున్నారని పెద్ద డాక్టరునే గుమ్మం అవతల నిలబెట్టిన మనిషి ఆమె. నేను మందుల కిటికీ దగ్గర పనిచేసేదాన్ని కాబట్టి అదంతా కళ్ళారా చూశాను. డాక్టర్ అన్నామలై నవ్వుకుంటూ చెప్పులు విప్పారు. ఈ ఆసుపత్రికి ఇక ఇద్దరు పెద్దలని మాకందరికీ ఆ రోజే అర్థమైంది.

నల్లంపల్లి తాపీమేస్త్రి కూతురు సరసు. మా ఇంట్లోలాగే వాళ్ళింట్లోనూ తెలుగు, గడప దాటితే తమిళం. సేలంలో కంప్యూటర్ డిప్లొమా చదివి, మా ఊళ్ళో అలాంటి ఉద్యోగం ఎక్కడుంటుందని అందరూ ఎగతాళి చేస్తుంటే, ఉద్యోగమే తన్ను వెతుక్కుంటూ వచ్చినట్టు దర్జాగా వచ్చి చేరింది. అణకువ అనేది ఆమె జాతకంలో లేదు. లేకపోవడమే మాకు మంచిదయింది.

ఆ ఏసీ గదిలో సర్వర్ అనే పెద్ద పెట్టె ఒకటుండేది. డాక్టరు గదిలో ఒకటి, నా కిటికీ దగ్గర ఒకటి, పరీక్షల గదిలో ఒకటి, మూడు కంప్యూటర్లకూ దాని నుంచి తీగలు. ఎవరికి ఏ మందు పడుతోంది, ఎన్నో నెల నడుస్తోంది, ఏది పడలేదు, ఇదంతా ఆ పెట్టె కడుపులోనే ఉండేది. రోగుల వివరాలు రాసిన పాత అట్టలను చెదలు తినేశాక డాక్టరు మళ్ళీ రాయించలేదు. అందుకే ప్రతి శుక్రవారం సరసు ఆ పెట్టెలో ఉన్నదంతా ఒక టేపు మీదకి ఎక్కించేది. పెళ్ళిచూపులకు శుక్రవారం వస్తామని ఎవరో కబురు పెడితే, "శుక్రవారం నాకు టేపు పని ఉండాది, శనివారం రమ్మను" అని తిప్పి పంపింది. వాళ్ళు శనివారం రాలేదు. ఈమె అడగనూ లేదు.

ఒక టేపు ఆసుపత్రి బీరువాలో, ఒకటి ఊరవతల. అది ఆమె నియమం. డాక్టరు తన ఇంట్లో పెట్టమన్నారు. ఆ ఇల్లు ఆసుపత్రి ఆవరణలోనే కదా, నిప్పంటుకుంటే రెండూ పోతాయంది. చివరికి పెరియంపట్టిలో ఉన్న మేనత్త పళనియమ్మాళ్ ఇల్లు ఎంచుకుంది. కారణం ఉంది. మా వాళ్ళలో రాగి విత్తనం మొత్తం ఒకే ఇంట్లో ఉంచరు. సగం వేరే ఊళ్ళో చుట్టాలింట్లో దాస్తారు. కొత్త విత్తనం కుండలో పోశాకే పాతది బయటికి తీస్తారు. కుండ ఖాళీ కావడం అరిష్టం. పళనియమ్మాళ్ ఆ పనిలో పేరుమోసిన ఇల్లాలు.

మొదటి వారం ఆవిడ టేపును కూడా విత్తనంలాగే దాచింది. బూడిద కలిపి, వేపాకు వేసి, మూత పెట్టి మట్టి మెత్తింది. బూడిద నిండిన ఆ టేపును చూసి సరసు వీధి మారుమోగేలా అరిచింది. "పురుగు పడితే ఎవరు జవాబు చెప్పేది?" అని పళనియమ్మాళ్ అంతకంటే గట్టిగా అరిచింది. ఆ టేపు పోయింది. ఆ తర్వాత నుంచి టేపును బిస్కట్ల డబ్బాలో బిగించి కుండలో పెట్టడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. కొత్త టేపు చేతికిచ్చాకే పాతది తీసి ఇచ్చేది ఆవిడ. వేపాకు మాత్రం డబ్బా మీద వేస్తూనే ఉండేది.

ఎనభై తొమ్మిది వేసవిలో ఒక రోజు కరెంటు పోయి, తిరిగి వచ్చేటప్పుడు వెర్రిగా వచ్చింది. సర్వర్ లోపల డిస్కు కీచుమని ఆగిపోయింది. బెంగుళూరు నుంచి ఇంజనీరు వచ్చి కొత్త డిస్కు బిగించాడు. బీరువాలోని టేపు పెట్టగానే దాన్ని తిప్పే డ్రైవ్ దాన్ని కరకర నమిలేసింది. బయటికి లాగితే నలిగిన రిబ్బనే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అంత పొగరుమనిషి సరసు గోడకానుకుని కూర్చుండిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"ఎవరికి ఎంత మందు పడిందో తెలియకుండా నేను మందు ఆపలేను. అందరికీ మొదటినుంచి సూదులు వేయాల్సిందే" అన్నారు డాక్టరు. ఆ మాట వసారాలో ఉన్నవాళ్ళ చెవిన పడింది. అదియమాన్‌కోట్టైలో రాళ్ళు కొట్టే సెంగోడన్ లేచి నిలబడ్డాడు. "మళ్ళా సూదులంటే నేను రాను సామీ. సచ్చినా సరే" అని వెళ్ళిపోయాడు. అలా మధ్యలో మానేసినవాళ్ళు ఏమయ్యారో మా అందరికీ తెలుసు.

సరసు లేచింది. ఇద్దరం పెరియంపట్టి బస్సెక్కాం.

పళనియమ్మాళ్ మమ్మల్ని చూసి మొదటి మాటే అడిగింది. "కొత్తది తెచ్చినావా?"

"లేదత్తా. ఆసుపత్రిలో అంతా పోయింది. ఆడుండే టేపును పెట్టె నమిలేసింది. ఇంక ఇది ఒగటే ఉండాది. బిరీన ఇయ్యి."

"అట్లయితే ఇచ్చేదే లేదు. ఒగటే మిగిలిందంటావు, దాన్నీ ఎత్తుకోని పోతానంటావు! ఆ పెట్టె ఒగదాన్ని నమిలింది కదా, దీన్ని మాత్రం నమలదా?"

సరసు బతిమాలింది, తిట్టింది, కుండ మీద చెయ్యి వేసింది. ఆవిడ ఆ చేతిని తీసి పక్కన పెట్టింది. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాకు ఆ ముసలామె మీద మండిపోయింది. కానీ సరసు ఉన్నట్టుండి కుండ దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. నా వైపు తిరిగి, "అత్త చెప్పింది నిజమే. కంగారులో నాకు తోచనే లేదు" అంది. ఖాళీ చేతులతో తిరిగొచ్చాం.

డాక్టరు కోప్పడతారనుకున్నాను. ఆయన తలూపి, ఇంజనీరును డ్రైవ్ విప్పమన్నారు. ఇంజనీరు ఓపికగా విప్పి చూశాడు. టేపును తిప్పే రబ్బరు చక్రం, కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడల్లా మా ఎండకు కరిగి బంకలా అంటుకుంటోంది. మర్నాడు బెంగుళూరు నుంచి కొత్త చక్రం వచ్చింది. ఖాళీ టేపు పెట్టి ఎక్కించారు, చదివించారు, మళ్ళీ ఎక్కించారు. అది సాఫీగా తిరిగాకే సరసు మళ్ళీ పెరియంపట్టి వెళ్ళింది.

ఈసారి పళనియమ్మాళే బస్సు దిగింది, కుండను ఒడిలో పెట్టుకుని. ఖాళీ కుండ ఇంట్లో ఉండకూడదట, అందుకని కుండే ఊరు దాటి వచ్చింది! కంప్యూటర్ గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, డబ్బా తీసి సరసు చేతిలో పెట్టింది.

టేపు తిరిగింది. తెర మీద ఒక పేరొచ్చింది. దాని కింద ఇంకొకటి. ఇక వరసగా, ఆగకుండా, మా జనమంతా ఒక్కొక్కరే వచ్చేశారు. సరసు "వచ్చినారత్తా! అందరూ వచ్చినారు!" అని కేక పెట్టి ఆవిణ్ణి ఎత్తి గిరగిరా తిప్పింది. డాక్టరు చప్పట్లు కొట్టారు. ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ టేపు ఎక్కించిన శుక్రవారం తర్వాత వచ్చిన కొద్దిమంది వివరాలు నా మందుల చీటీల నుంచి నేనే చెప్పాను. ఆ గొప్ప నాది, ఎవరికీ ఇవ్వను. కొత్త టేపు ఎక్కించి చేతికిచ్చేదాకా పళనియమ్మాళ్ ఆ గది వదల్లేదు.

సోమవారం సెంగోడన్‌ను భార్య ధనం చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. డాక్టరు తెర చూశారు, ఛాతీ విన్నారు, కఫం పరీక్ష చూశారు. సరసును పిలిచి, నువ్వే చెప్పమన్నారు.

"మళ్ళా సూదులా?" అన్నాడతను బిక్కుబిక్కుమంటూ.

"ఎవడన్నాడు? నీ మందు ముగిసిపోయింది. జబ్బు పోయింది. ఇంక ఈ గడప తొక్కినావంటే కాళ్ళిరగ్గొడతా!"

సెంగోడన్ ధనం వైపు తిరిగాడు. తర్వాత వసారా అంతా వినిపించేలా నవ్వాడు. ఎంతసేపు నవ్వినా దగ్గు రాలేదు.