సోంపు గిన్నె పక్కన ఇరవై

హోటళ్లలో జనం టిప్పు ఎంత ఇస్తారో, ఏ లెక్కన ఇస్తారో తెలిస్తే, అది తీసుకునేవాళ్లు పన్ను కాగితాల్లో ఎంత ఆదాయం చూపించాలో అంచనా వేయవచ్చట. ఆ సర్వే చేసే కంపెనీలో నాది రోజుకూలీ కంటే కాస్త గౌరవంగా వినిపించే ఉద్యోగం. మెడలో ఐడీ కార్డు, చేతిలో సర్వే కాగితాల అట్ట. నాకు అప్పగించింది దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్ల పక్కనున్న ఒక హోటల్. తిని బయటికొచ్చేవాళ్లను ఆపి అడగాలి. రద్దీ తగ్గాక లోపల సర్వర్లనూ అడగాలి.

కస్టమర్ల దగ్గర నిజం రాబట్టడం ఒక తంటా. అదే మనిషి, స్నేహితులు పక్కనుంటే యాభై ఇచ్చానంటాడు, భార్య పక్కనుంటే ఏమీ ఇవ్వలేదంటాడు. సర్వర్లందరిదీ మాత్రం ఒకటే మాట, "ఏం రావు మేడం" అని. నాకు ఒళ్లు మండేది. సోంపు గిన్నె పక్కన నోట్లు కళ్లెదుట కనిపిస్తుంటే రావంటారేమిటి? పైగా కస్టమర్ పర్సు తీయగానే సర్వర్ ముఖం పక్కకు తిప్పుకుని పక్క టేబుల్ తుడుస్తాడు, అది అప్పటికే శుభ్రంగా ఉన్నా సరే. అదంతా దాపరికం అనుకున్నాను.

వాళ్లలో నలభై దాటిన ఒకాయన ఉన్నాడు. నల్గొండ వైపు నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉంటున్నాడు. తుర్కయంజాల్‌లో చిన్న ఇల్లు చూసుకుంటే, జీతం చాలదని బ్యాంకువాళ్లు లోన్ ఇవ్వం పొమ్మన్నారట. నాకు సందు దొరికింది. టిప్పులూ ఆదాయమే, అవి కూడా చూపించి రిటర్ను వేస్తే లోన్‌కు పనికొస్తుంది, ఇలా సిగ్గుపడుతూ కూర్చుంటే ఇల్లు రాదు అని క్లాసు పీకాను. ఆయన తడిగుడ్డ పిండుతూ విన్నాడు.

"గా టిప్పు నా సంపాదన కాదు మేడం. తిన్నోళ్లు పెట్టిపోయింది. దాన్నెట్ల చూపిస్త?"

చేతికొచ్చాక సంపాదనే కదా అని దబాయించాను. ఆయన గుడ్డ భుజాన వేసుకుని ఇంకో టేబుల్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఒక కుటుంబం తిని బయటికొచ్చింది. టిప్పు ఎంత ఇచ్చారని ఆ ఇంటాయనను అడిగాను. ఆయన కంగారుగా జేబులు తడుముకుని, ఇరవై నోటు తీసి నా అట్ట మీద పెట్టాడు. ఏదో గొణిగాడు గానీ నాకు "తీస్కోమ్మా" ఒక్కటే వినిపించింది. ఇది సర్వే అని చెప్పేలోపే మెట్లెక్కేశారు. వాళ్ల పాప మాత్రం వెనక్కి తిరిగి నన్నే చూస్తూ వెళ్లింది. నా ముఖం భగ్గుమంది. ఎం.కామ్ చదివి, ఇస్త్రీ చీర కట్టుకుని, నడిబజార్లో చెయ్యి చాపినదాన్నయ్యాను. తల తిప్పితే హోటల్ అద్దాల తలుపు వెనక ఆ సర్వర్. నన్ను చూసి, ముఖం పక్కకు తిప్పుకుని టేబుల్ తుడవసాగాడు. అది దాపరికం కాదనీ, ఎదుటివాళ్ల మొహమాటం చూడకుండా ఉండటమనీ అప్పుడు అర్థమైంది.

ఆ నోటు ఇంటికి తీసుకెళ్లడానికి మనసొప్పలేదు. ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి ఎక్కిన ఆటో డ్రైవరుకు ఛార్జీతో పాటు ఇచ్చేసి, ఉంచుకోమన్నాను. ప్రాణం తేలికపడింది. సూపర్‌వైజర్ ఫోన్ చేసి ఏమైనా విశేషాలున్నాయా అని అడిగితే, ఏం లేవు సార్ అన్నాను. ఆ సర్వర్లు చెప్పినట్టే చెప్పాను.

మర్నాడు లోపల కూర్చుని కాఫీ చెప్పాను. ఆ సర్వరే తెచ్చాడు. ఇంట్లో మాట్లాడుకున్నామనీ, ఇకమీదట టిప్పులన్నీ లెక్కలో చూపిస్తాననీ గొంతు తగ్గించి చెప్పాడు. సంబరంగా పెన్ను తీశాను.

"నిన్నటి సంది రాస్కోండి మేడం. గా ఫ్యామిలీది నా టేబులే. నాకు పెట్టుడు మర్చిపోయి, ఆ ఇరవై బయట మీ చేతికిచ్చిండు. మీ తాననే ఉన్నయ్ కదా."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది. హోటల్‌వాళ్లే నన్ను టిప్పు వసూలుకు నిలబెట్టారని ఆ పెద్దమనిషి అనుకున్నాడన్నమాట. నా పరువు గురించి నేను ఏడ్చుకుంటూ, ఆ డబ్బు ఇంకొకరిదేమోనని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆదాయమంటే ఏమిటో ఆయనకు పాఠం చెప్పి, ఆయన ఆదాయాన్నే తీసుకెళ్లి దానం చేసి వచ్చాను.

ఆ నోటు ఆటో డ్రైవరుకు ఇచ్చేశానని చెప్పడానికి నోరు రాలేదు. నా డబ్బుల్లోంచి ఇరవై తీద్దామని పర్సు తెరిచాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని, పక్క టేబుల్ తుడవడం మొదలుపెట్టాడు.