ఎత్తు గోడ ఏ వైపు

దక్షిణ ఢిల్లీలో ఒక ధర్మాసుపత్రి. రెండో అంతస్తులో దంతవైద్య విభాగం. స్టెరిలైజర్ల గది పక్కన ఒక కిటికీ, కిటికీ కింద ఒక బల్ల. పద్దెనిమిదేళ్లుగా ఆ బల్ల సరళకుమారిది.

బల్ల మీద ఎక్కువ వస్తువులు లేవు. కంటికి తగిలించుకునే భూతద్దం. రెండు సూదులు. ఇరుసు మీదికి బేరింగును నొక్కే చిన్న పరికరం. ఒక తెల్లటి పింగాణీ సాసరు. సాసరులో చొక్కా గుండీ కంటే చిన్న ఉక్కు చుట్లు ఉంటాయి, అవే బేరింగులు. ఊపిరి గట్టిగా వదిలితే దొర్లిపోతాయి. పని చేసేటప్పుడు ఆమె ఫ్యాను ఆపేస్తుంది, జూన్ నెలలో కూడా.

పంటిని అరగదీసే డ్రిల్లును అక్కడ హ్యాండ్‌పీస్ అంటారు. దాని తలలో ఒక చిన్న చక్రం ఉంటుంది. గాలి తోస్తే నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది. చక్రం ఇరుసును పైన ఒకటి, కింద ఒకటి, రెండు బేరింగులు పట్టుకుంటాయి. అవి అరిగితే డ్రిల్లు మొదట కీచుమంటుంది. తర్వాత రోగి దవడలో వణుకు తెలుస్తుంది. సరళకుమారి పాతవి తీసి కొత్తవి పెడుతుంది.

ఆమెది పాలకొల్లు దగ్గర పల్లె. భీమవరంలో నర్సింగు చదివింది. ఇరవై మూడో ఏట ఢిల్లీ వచ్చింది. ఇదే ఆసుపత్రిలో అంబులెన్సు నడిపే లెవిని పెళ్లి చేసుకుంది. డాక్టరు పక్కన నిలబడి రోగి నోట్లో నీళ్లు తోడే పని చాలా ఏళ్లు చేసింది. ఒక ఏడాది రిపేరు మనిషి రావడం మానేశాడు. ఎలాగూ పారేసే హ్యాండ్‌పీసులు మూడుంటే ఆమె విప్పి చూసింది. మొదటి రెండూ పాడైపోయాయి. మూడోది తిరిగింది. అప్పటినుంచి ఎవరూ చెప్పకుండానే ఆ పని ఆమెదైంది.

ఆమె పెట్టిన బేరింగులు దాదాపు ఏడాది నిలిచేవి. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి మూడో వారంలోనే పోవడం మొదలైంది.

విభాగానికి కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు కిరణ్మయి. వరంగల్ మనిషి. మే నెలలో ఆమె ఒక హ్యాండ్‌పీసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈ నెలల ఇది నాలుగోది సిస్టర్. ఏమైతున్నది?"

"బేరింగులు కొత్తవే మేడమ్. నూనె సరిగ్గా వేయట్లేదేమో."

ఆ మాట అనేముందు సరళకుమారి దేన్నీ పరీక్షించలేదు.

స్టెరిలైజరులో పెట్టే ముందు ప్రతి హ్యాండ్‌పీసులో నూనె చుక్క వేసే పని మహేందర్‌ది. రోహ్‌తక్ వైపు మనిషి. పదకొండేళ్లుగా అదే పని. మర్నాడు అతన్ని కింద బట్టలు ఉతికే విభాగానికి మార్చారు. అతని చోట ఇంకొకరు వచ్చారు.

"ఆగస్టు దాకా చూద్దాం," అంది డాక్టరు. "అప్పటికీ గిట్లనే ఉంటే రిపేర్లు బయటికి ఇచ్చేస్తం. మీకు మళ్ల వార్డు డ్యూటీ ఏస్తరు."

సరళకుమారికి యాభై నాలుగేళ్లు. మోకాళ్లు బాగా లేవు. వార్డులో నలభై మంచాలు.

ఒకరోజు లిఫ్టు దగ్గర దుప్పట్ల బండితో మహేందర్ కనిపించాడు.

"ఎలా ఉంది భయ్యా కింద?" అని హిందీలో అడిగింది.

"హాయిగా ఉంది దీదీ. దుప్పట్లు కీచుమనవు." బండిని లిఫ్టులోకి తోశాడు. "తేల్ మై రోజ్ డాల్‌తా థా." నూనె రోజూ వేసేవాణ్ని. తలుపులు మూసుకున్నాయి.

కొత్త మనిషి కొలిచినట్టు నూనె వేశాడు. జూన్‌లో ఇంకో రెండు పోయాయి. జులై మొదటి వారంలో ఒకటి.

సరళకుమారి తమ్ముడు రూబెన్ ఫరీదాబాద్‌లో పనిచేస్తాడు. గ్రైండింగు యంత్రాల స్పిండిళ్లు, అంటే తిరిగే ఇరుసులు, విప్పి బాగుచేసే వర్క్‌షాపు. ఒక శనివారం మధ్యాహ్నం ఆమె మెట్రోలో బాటా చౌక్ దాకా వెళ్లి, అక్కడినుంచి ఆటో ఎక్కింది.

రూబెన్ స్టీలు బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ముందున్న నూనె కాగితంలో అన్నం పళ్లెమంత బేరింగు. ఆమె చెయ్యి చాపింది.

"ముట్టుకోకక్కా. చెమట తగిలితే తుప్పు పట్టుద్ది. గ్లవ్స్ వేసుకో, నర్సువి కదా."

ఆమె గ్లవ్స్ తొడుక్కుంది.

"నాదీ ఇలాంటిదేనా?"

"నీది దీని మనవరాలు." ఉక్కు చుట్టును వెలుగుకేసి తిప్పాడు. "లోపల బాల్స్ నడిచే గాడి ఉంది కదా. దానికి ఇటో గోడ, అటో గోడ. ఫ్యానులో ఉండే మామూలు బేరింగుకి రెండు గోడలూ సమానం. దీనికి చూడు."

ఒక అంచు ఎత్తుగా ఉంది. రెండో అంచు దాదాపు లేనట్టే కోసేసి ఉంది.

"బాల్స్ ఈ ఎత్తు గోడకేసి ఒరిగి ఉంటాయి. ఇరుసుని ఇటు తోశావనుకో, గోడ ఆపుద్ది. అటు తోస్తే ఆపేదేం లేదు. దీన్ని యాంగ్యులర్ కాంటాక్ట్ అంటారు. ఒక పక్క నుంచి వచ్చే బరువే మోస్తది."

"మరి రెండో పక్క?"

"దానికి ఇంకోటి, ఎదురుగా తిప్పి పెడతాం. అందుకే జంటగా వస్తాయి. ఈ స్పిండిలుకి వీపూ వీపూ ఆనించి పెడతా, ఇరుసు బిగుసుకుని నిలబడుద్ది. ఇరుసు కాస్త వంకరుండే చోట మొహం మొహం చూసుకునేట్టు పెడతారు. కొన్ని పంపుల్లో తోపంతా ఒకే పక్క నుంచి వస్తది. అక్కడ రెండూ ఒకే వైపు చూస్తాయి, రేషన్ క్యూలోలాగ."

"ఇంకెక్కడుంటాయి?"

"కారు చక్రంలో. సైకిలు చక్రంలో ఉండేదీ ఇదే పద్ధతి. మన లెవి బావ అంబులెన్సులో ఉంటాయి, ఆయనకి తెలీదు." రూబెన్ బేరింగును కాగితంలో పెట్టాడు. "నీకు మెషీను లేదు, గేజీ లేదు. ఏ వైపు పెట్టాలో ఎట్టా చూస్తావు?"

"మూత చూసి. ఒక పక్క పల్చటి రేకు మూత ఉంటది. అది బయటికి."

"మూతకీ గోడకీ ఏం సంబంధం?"

ఆమె కాగితంలోని బేరింగు మీదికి వంగి చూసింది.

"మూత దుమ్ము ఆపడానికక్కా. ఏ వైపు పెట్టాలన్నది కంపెనీ వాడిష్టం."

"పద్దెనిమిదేళ్ల నుంచి అలాగే పెడుతున్నా."

"ఒకే కంపెనీ సరుకా?"

"మార్చి దాకా."

రూబెన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "టీ తాగుతావా?" అన్నాడు. తాగింది. అల్లం ఎక్కువైంది.

సోమవారం ఉదయం ఆమె ఫ్యాను ఆపింది. పాత కంపెనీ బేరింగు ఒకటి మిగిలి ఉంది. దాన్ని సాసరులో పెట్టి భూతద్దంలోంచి చూసింది. ఎత్తు గోడ మూతకు ఎదురు పక్క ఉంది. కొత్త కంపెనీ పొట్లం విప్పింది. ఎత్తు గోడ మూత పక్కనే ఉంది. పొట్లంలో మడత పెట్టిన చిన్న కాగితం, కాగితం మీద బొమ్మ, బొమ్మ పక్కన బాణం గుర్తు. అలాంటి కాగితాలను ఆమె ఏప్రిల్ నుంచి చెత్తబుట్టలో వేస్తోంది.

ఆమె పెట్టిన కొత్త బేరింగులన్నీ తిరగబడి ఉన్నాయి. బాల్స్ ఆనుకోవడానికి గోడ లేని వైపుకు తోపు పడుతోంది. మూడు వారాలు తిరగడమే ఎక్కువ.

ఏప్రిల్ నుంచి తన చేతిమీదుగా వెళ్లినవి పదకొండు. పోయినవి పోగా, ఇంకా వాడుకలో ఉన్నవి ఒక్కొక్కటే స్టెరిలైజరు నుంచి తన బల్ల మీదుగానే వెళతాయి. విప్పి తిప్పి పెడితే ఎవరికీ తెలియదు. ఆగస్టు వచ్చేసరికి ఒక్కటీ కీచుమనదు. కొత్త మనిషి నూనె బాగా వేస్తున్నాడనుకుంటారు. బల్ల ఇక్కడే ఉంటుంది.

సోమవారం రెండు తిప్పింది. మంగళవారం ఇంకో రెండు. బుధవారం భోజనం వేళ కిందికి దిగింది. ఉతికే గది తలుపు తెరిచి ఉంది. ఆవిరిలో మహేందర్ దుప్పట్లు మడత పెడుతున్నాడు. ఆమెను చూడలేదు. ఆమె పైకి వచ్చేసింది. మెట్లెక్కింది, లిఫ్టు పనిచేస్తున్నా.

గురువారం పొద్దున కొత్త బేరింగు ఒకటి, పాతది ఒకటి సాసరులో పెట్టుకుని డాక్టరు గదికి వెళ్లింది.

"నూనె తప్పు కాదు మేడమ్. నేనే తిరగేసి పెట్టాను. పదకొండు."

కిరణ్మయి భూతద్దం అడిగి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"నాకు రెండూ ఒక్కతీర్గనే కనిపిస్తున్నయ్."

"గోడ చూడండి. దీనికి ఇటుంది, దీనికి అటుంది."

"అచ్ఛా." ఆమె భూతద్దం దించింది. "మిమ్మల్నైతే ఎవ్వరు అడగలే కదా సిస్టర్."

"లేదండి. మహేందర్ నూనె వేసేవాడు. చూడకుండా అనేశాను. అతన్ని పైకి తెప్పించండి."

"మరి మిమ్మల్ని ఏం చెయ్యాలె?"

"వార్డుకంటే వార్డుకు వెళ్తాను."

డాక్టరు సాసరును కాస్త పక్కకు జరిపింది. బయట రోగులు కూర్చుని ఉన్నారు. ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

"మీరు చూసిందే మీరు మళ్ల చూసుకుంటే గిట్లనే ఐతది," అంది చివరికి. "రెండో మనిషి చూడాలె. హ్యాండ్‌పీసు మూత బిగించకముందు. ఆయన చూసి ఠీక్ హై అంటెనే బిగించండి."

"ఎవరు మేడమ్?"

"ఎవరేంది? మహేందర్‌ను పైకి తెప్పియ్యమంటిరి కదా."

తర్వాతి సోమవారం మహేందర్ పైకి వచ్చాడు. సరళకుమారి భూతద్దం ఎలా తగిలించుకోవాలో చూపించింది. గోడ ఏదో, మూత ఏదో చూపించింది. తను అన్న మాట గురించి కూడా చెప్పింది, హిందీలో, రెండు వాక్యాల్లో. అతను విన్నాడు. సాసరును దగ్గరికి లాక్కున్నాడు.

అప్పటినుంచి ప్రతిదీ అతను చూస్తాడు. తొందర పడడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఫ్యాను లేక ఇద్దరికీ చెమట పడుతుంది. కావాలనే ఆలస్యం చేస్తున్నాడని మొదట్లో ఆమెకు అనిపించింది. అయి ఉండవచ్చు. చివరికి ఠీక్ హై అంటాడు. ఆమె హ్యాండ్‌పీసు మూత బిగిస్తుంది.

ఆగస్టు గడిచింది. రిపేర్లు బయటికి వెళ్లలేదు. సెప్టెంబరులో ఒక్కటీ తిరిగి రాలేదు.

అక్టోబరులో ఒకరోజు మహేందర్ ఎక్కువసేపు చూశాడు. సాసరును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. భూతద్దం తీసి ఆమె చేతికిచ్చాడు.

"దీదీ, ఏక్ బార్ ఫిర్ దేఖో." ఇంకోసారి చూడమన్నాడు.

ఆమె చూసింది. లోపలికి ఉండాల్సిన కింది బేరింగు మూత బయటికి ఉంది. చెయ్యి పాత అలవాటు మీద పెట్టేసింది.

ఇరుసు మీదినుంచి దాన్ని ఊడదీసింది. తిప్పి నొక్కింది. సాసరును అతని వైపు జరిపింది. మహేందర్ మళ్లీ కంటికి భూతద్దం తగిలించుకున్నాడు.